నిప్పుకోడి ఎముక, ఓబుళేసు బోరు

ఈరోజు పొద్దున్నుంచి కడుపు మండుతూనే ఉంది. జియాలజీలో నాతోపాటు చదివిన స్నేహితురాలు విదేశంలో తవ్వకాలకు వెళ్లి, నిప్పుకోడిలాంటి డైనోసార్ కాలి ఎముకను పసిబిడ్డలా ఎత్తుకున్న ఫోటో పంపింది. నేనేమో వానల్లేని కరువు సీమలో, బుక్కరాయసముద్రం దగ్గర ఎండలో బోరు పాయింటు చూస్తున్నాను. ఇక్కడి రాయి డైనోసార్ల కంటే ఎంతో పాతది. ఎంత లోతుకు పోయినా ఒక్క ఎముక కూడా దొరకదు.

రైతు ఓబుళేసుకు నీళ్ల జాడ చూపే నా మెషీన్ మీద నమ్మకం చాలలేదు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని, నీళ్లున్న చోట అది నిటారుగా లేస్తుందని చేనంతా తిరుగుతున్నాడు. మాడిన నా ముఖం చూసి దగ్గరికొస్తే ఫోటో చూపించాను.

"యాడ బతికినాయి సార్ ఇవి?"

"పెద్ద ఏటి ఒడ్డున, పచ్చటి అడవిలో."

"మరి ఎట్ల సచ్చినాయి?"

"వరదొచ్చి మందంతా కొట్టుకుపోయిందంట."

ఓబుళేసు కాసేపు ఆ ఎముకనే చూశాడు.

"వరదలోనా? పెట్టి పుట్టినాయిలే సార్" అని మళ్లీ టెంకాయ పట్టుకుని చేలోకి నడిచాడు.

నేను ఎముక దొరికిన మనిషిని చూసి కుళ్లుకుంటే, ఆయన ఎముకనే చూసి కుళ్లుకున్నాడు. ఎవరి కుళ్లు న్యాయమో మీరే చెప్పండి.