పెదనాన్న అరచేతిలో తోట

ఆ రోజుల్లో ప్రతి సినిమాలోనూ ఒక మామిడితోట ఉంటుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గే, కానీ నూజివీడులో పుట్టినవాడికి తోట లేని చోటు కూడా ఉంటుందని తోచడం కష్టం. నన్ను ఒంటరిగా సినిమాకి పంపేవారు కాదు. మామిడి వ్యాపారం చేసే మా పెదనాన్నే తీసుకెళ్ళేవారు. తెర మీద కత్తి లేవగానే ఆయన అరచెయ్యి నా కళ్ళ మీద వాలేది. పొద్దుటినుంచీ కాయలు ఏరిన చెయ్యి. సొన ఘాటూ, మాగిన రసాల తీపీ కలిసిన ఆ చీకట్లో నాకు హాయిగా నిద్రొచ్చేది. "ఏమైంది పెదనాన్నా?" అంటే, "ఏం లేదురా, తోట చూపిస్తున్నాడు. కాపు బాగుంది" అనేవారు. కత్తుల చప్పుడు వింటే కొమ్మలు కొడుతున్నారనుకునేవాణ్ణి. చావుకేకలు వినబడితే కావలివాడు కోతుల్ని తోలుతున్నాడనుకునేవాణ్ణి. (మా కావలివాడు అంతకన్నా ఘోరంగా అరిచేవాడు లెండి.)

నాకు పద్దెనిమిది నిండిన వేసవిలో మా ఊరికి 'పెద్దలకు మాత్రమే' సినిమా వచ్చింది. "అంత రక్తం చూపిస్తే కుర్రాళ్ళేమైపోతారండీ?" అని కొట్ల ముందు ఒకటే చర్చ. "సర్టిఫికెట్టుతో నాకేం పని? నా చెయ్యి ఉందిగా" అన్నారు పెదనాన్న. నేను ఆ మాట పట్టించుకోలేదు. లేత మీసం దువ్వుకుని, గేటు దగ్గర వయసు అడుగుతారేమోనని భయపడుతూ ఆయన వెనకే మాట్నీకి వెళ్ళాను. ఎవరూ అడగలేదు. పెద్దవాణ్ణయిపోయాను! వెనక బెంచీలో కూర్చున్న కాలేజీ స్నేహితులకి మీసం కనబడేలా రెండుసార్లు తిరిగి చూశాను కూడా.

దుర్మార్గుడు కత్తి దూశాడు. తెలిసిన వాసన వచ్చి మొహం మీద వాలింది.

"ఏమైంది పెదనాన్నా?"

"తోటరా."

"కాపెలా ఉందండీ?"

సరిగ్గా అప్పుడే హాలంతా నిశ్శబ్దమైంది. వెనక బెంచీ గొల్లున నవ్వింది. "తోటేంట్రా బాబూ, అక్కడ మనిషిని పొడిచేస్తుంటే!" పరీక్షలయ్యేదాకా కాలేజీలో ఎవడెదురైనా "కాపెలా ఉందిరా?" అనే పలకరింపే.

చాలా ఏళ్ళకి, చూపు మందగించిన పెదనాన్నని నేనే సినిమాకి తీసుకెళ్ళాను. తెర మీద ఎవడో ఎవణ్ణో నరుకుతున్నాడు. నాకెందుకో మామిడి వాసన వేసింది.

"ఏంట్రా ఆ గోల? ఏం చూపిస్తున్నాడు?" అన్నారు.

"ఏం లేదు పెదనాన్నా, తోట. కాపు బాగుంది."

ఆయన చీకట్లో తడుముకుని నా చెయ్యి పట్టుకున్నారు.

"కోతులు పడ్డట్టున్నాయిరా" అన్నారు.