టీచరమ్మ అనని మాట

యాభై ఎనిమిదేండ్లకు నేను అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది మా ఊరి కోడలే, డిగ్రీ చదివిన పిల్ల. మాది పెద్దకడుబూరు పక్క ఊరు. పత్తి చేలనుంచి వచ్చినాక మమ్మల్ని పదిపన్నెండుమంది ఆడోళ్ళను తన వసారాలో కూర్చోబెట్టుకునేది. నాకంటే ముప్పై ఏండ్లు చిన్నది, అయినా టీచరమ్మా అనే పిలిచేదాన్ని. నన్ను అవ్వా అనేది. వేలిముద్ర మాని నేను తొలిసారి సంతకం పెట్టిన దినం నాకంటే ఎక్కువ మురిసిపోయింది ఆమే.

మొన్నటి సర్పంచ్ ఎన్నికల్లో ఆమె నిలబడింది. ఓట్లు ఇంక రెండు దినాలు ఉన్నాయనంగా పక్కింటామె ఫోను తెచ్చి నా ముందర పెట్టింది.

"సూడు పెద్దమ్మా, మీ టీచరమ్మ మిమ్మల్ని ఎంత బాగా పొగుడుతాందో."

ఫోన్లో ఆమే. అదే ముఖం, అదే గొంతు. "ఈ ముసలోళ్ళకు ఎంత చెప్పినా బుర్రకెక్కదు. వేలిముద్రలు వేసుకుంటూ ఎక్కడ ఉండాలో అక్కడ ఉంటే మేలు" అంటాంది.

ఆమె ఎప్పుడూ 'యాడ' అనేదే గానీ 'ఎక్కడ' అనింది నేను వినలేదు. అది ఆ పొద్దే నా చెవికి తగిలింది. పెద్దోళ్ళతో తిరుగుతాంది కదా, మాట మార్చుకునిందిలే అనుకున్నాను. అంత కోపం వచ్చింది నాకు. ఆ ఫోను అడిగి తీసుకుని నేనే ఇండ్లమ్మట తిరిగినాను. ఓటు వేరే గుర్తుకు వేసినాను. ఆమె ఓడిపోయింది.

అది ఏఐతో చేసిన వీడియో అని తర్వాత తెలిసింది. గెలిచినోళ్ళ మనుషులే టీ అంగట్లో చెప్పుకుని నవ్వుకున్నారు. అప్పటికే ఆమె ఎమ్మిగనూరుకు ఇల్లు మార్చింది. బస్సెక్కి పోయినాను.

"అది నువ్వు కాదంట కదా టీచరమ్మా."

"కాదవ్వా."

"నేను నమ్మినాను."

"తెలుసు. ఊరంతా నమ్మింది, పోనీలే. నీకూ నాకూ మధ్య నాలుగిండ్లే కదవ్వా. వచ్చి, ఏమ్మే ఇట్లంటివా అని ఒక్క మాట తిట్టింటే సాలు గదా."

మళ్ళా వచ్చి బడి పెట్టమని అడిగినాను. మనసు రాదవ్వా అనింది. టీ ఇచ్చింది, తాగి వచ్చినాను.

తక్కిన ఆడోళ్ళు గుణింతాల దగ్గరే ఆగిపోయినారు. వాళ్ళలో నలుగురికి ఆ వీడియో చూపించింది నేనే.