నా సీటు కింద రెండో ట్యాంకు

మా పాత జీపుకు ఇంకో డీజిల్ ట్యాంకు పెట్టిస్తానని మా ఆయన అన్నప్పుడు, "కరీంనగర్ నుంచి బోథ్ దాకా బంకులే లేవా?" అని కొట్లాడిన. వినలే. తెచ్చి నా సీటు కిందనే బిగించిండు.

మొన్న బోథ్‌ల మా తమ్ముని బిడ్డ లగ్గానికి బయలుదేరినం. కుమ్మరింటి నుంచి, పందిట్ల పెట్టి పూజించే ఐరేణి కుండలు మేనత్తనైన నేనెత్తుకొస్తేనే లగ్గం సాగుతది. రెండోది ఉన్నదన్న ధీమాతో ఆయన మొదటి ట్యాంకు నింపలే. నిర్మల్ ఘాట్ మీద జీపు ఆగింది. రెండో ట్యాంకు వాల్వు తిప్పాలంటే నేను సీట్లకెల్లి లేవాలె.

"జర లెవ్వవే!"

"గీడ పెట్టుడు తప్పని ఒప్పుకో, లేస్త."

అంతల తమ్ముడు ఫోన్ చేసిండు. "అక్కా, యాడున్నరు? కుమ్మరింటికాడ అందరు నీకోసమే నిలబడ్డరు!"

"తప్పే తల్లీ, నాదే తప్పు," అని మా ఆయన చేతులు జోడించిండు. లేచిన. వాల్వు తిప్పి, పంపు కొట్టి గాలి తీయంగనే జీపు కదిలింది, టైముకు చేరినం.

కుండలు నెత్తికెత్తుకొని డప్పుల ముందట నడుస్తుంటే, పక్కన ఆయన అందరికీ చెప్తుండు: "నా రెండో ట్యాంకు లేకుంటే ఈమె వచ్చేదా?"

నెత్తి మీద కుండలున్నప్పుడు తల తిప్పి జవాబియ్యరాదు. దించేదాకా ఓపిక పట్టిన.