పురుగు పట్టని బియ్యం

మా ఆయన కన్నా ముక్కుపురుగే నాకు బాగా అర్థమైందని ఒకప్పుడు వేళాకోళంగా అనేదాన్ని. ఇప్పుడు వేళాకోళానికి కూడా ఓపిక లేదు. బియ్యంలో పాకే ఆ ముదురు గోధుమరంగు పురుగు ముందు నాకు ఏడాది పాటు నడుము వంగిపోయింది. ఆ ఏడాది నాకు మొదటి కాన్పు కూడా. రెండింట్లో ఏది ఎక్కువ కష్టపెట్టిందంటే ఆలోచించి చెప్పాలి.

తొంభైల మధ్యలో సంగతి. బెంగళూరులో, యలహంక పాత ఊళ్ళో ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. రెండు చిన్న గదులు, చెమ్మ దిగిన వంటిల్లు, పెరట్లో కొబ్బరిచెట్టు, గోడవారన కానుగచెట్టు, ఇంటావిడ పెంచుకునే కోళ్ళు. ఆయన ఉద్యోగం ఊరికి ఆ కొసన, ఎలక్ట్రానిక్ సిటీలో. పొద్దున్నే బస్సులు మారుతూ వెళ్ళేవాడు, దీపాలు పెట్టాక బస్సులు మారుతూ వచ్చేవాడు. వచ్చాక అన్నం తినడానికి నోరు తెరిచేవాడు గానీ మాట్లాడటానికి కాదు. నాకూ అంతే. వేవిళ్ళు తగ్గి, నడుము నొప్పి మొదలైన రోజులవి.

ఆ వేసవిలో మా నెల్లూరు నుంచి, మా పుట్టింటి పొలంలో పండిన బియ్యం మూడు బస్తాలు లారీలో వచ్చాయి. పెళ్ళైనప్పటి నుంచీ ఏటా వచ్చేవే. బెంగళూరులో మాకు తెలిసిన మా వైపు వాళ్ళెవరూ అంగట్లో బియ్యం కొనేవాళ్ళు కాదు. ఊరు విడిచి వచ్చినా ఊరి మెతుకు తింటున్నామన్న గొప్ప ఒకటి ఉండేది. అద్దె ఇంట్లో మంచానికి చోటు లేకపోయినా బస్తాలకు చోటుండేది.

అయితే ఈసారి బస్తాలతో పాటు ఒక కబురు కూడా వచ్చింది. నాన్న పొలాన్ని రొయ్యల గుంటలకు ఇచ్చేశాడు. చుట్టుపక్కల అందరూ గుంటలు తవ్వేశారు, మన చేలోకి ఉప్పునీళ్ళు ఊరుతున్నాయి, ఇంక ఆ నేలలో వరి పండదు అని ఫోనులో చెప్పాడు. గొంతులో బాధ లేదు. అలసిపోయి ఉంటాడు, పాపం. నేనూ సరే అన్నాను. ఫోను పెట్టేసి ఇంటికొచ్చి, బస్తాల మీద చెయ్యేసి కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు. మా చేని చివరి పంట నా వంటింట్లో ఉంది.

అప్పుడే అనుకున్నాను, పుట్టబోయే బిడ్డకు అన్నప్రాసన ఈ బియ్యంతోనే చెయ్యాలని. రెండు బస్తాలు మేం తింటాం. మూడోది బిడ్డకు. నోట్లో పడే మొదటి మెతుకు మా నేలది కావాలి, ఆ తర్వాత ఎన్నాళ్ళొస్తే అన్నాళ్ళు అదే మెత్తగా వండి పెడతాను. మా ఆయన విని, "అన్నప్రాసనకు గుప్పెడు చాలు కదా, బస్తా ఎందుకు?" అన్నాడు. మగవాళ్ళకు కొన్ని విడమరచి చెప్పినా తలకెక్కవు. చెప్పే ఓపిక కూడా లేక ఊరుకున్నాను. రేకు డ్రమ్ము ఒకటి కొనిపించి మూడో బస్తా అందులో పోశాను.

మర్యాదకు ఇంటావిడకూ ఒక చేటెడు బియ్యం ఇచ్చాను. ఆవిడ తాతల నాటి నుంచీ బెంగళూరులో స్థిరపడిన తెలుగావిడ. తెలుగులోకి కన్నడం ఎప్పుడు దూరిందో ఆవిడకే తెలియదు. వారం తిరక్కుండానే వచ్చి, "నీ బియ్యం శానా బాగుండాయమ్మా. వండుకోని తినేస్తిమి" అంది. డ్రమ్ము చూసి, "ఇదెందుకు ఇట్ల మూసిపెట్టినావు?" అని అడిగింది. చెప్పాను. "ఇంగా పుట్టని బిడ్డకా? బియ్యం ఉండేది తినేదానికప్పా, దాచేదానికి కాదు. ఈ ఊరి తేమకు ఉంటాయా అవి?" అని నవ్వి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

వానలు మొదలయ్యాక తెలిసింది. ఒకరోజు డ్రమ్ము మూత తీస్తే అంచు మీద నల్లటి చుక్కలు నడుస్తున్నాయి. బియ్యంలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది. పురుగు చేరిన బియ్యం అలాగే వేడెక్కుతుంది. అరచేతిలోకి తీసుకుంటే తెల్లటి పిండి అంటింది. ఇంక మొదలు. ఎండిన వేపాకు వేశాను. ఎండుమిరపకాయలు వేశాను. వెల్లుల్లి పాయలు, రాళ్ళుప్పు మూటగట్టి పెట్టాను. ఎవరో కానుగాకు మంచిదంటే పెరట్లో చెట్టు సగం దూసేశాను. పురుగులు వాటి మీదుగా దర్జాగా నడిచాయి. ముట్టుకుంటే చాలు కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడుకునేవి. అటు తిరిగేసరికి లేచి వెళ్ళిపోయేవి. ఆ నాటకం మా ఆయనకు వచ్చుంటే ఆఫీసులో బాగా పైకొచ్చేవాడు.

నేను అందరినీ తిట్టాను. ఈ ఊరి చెమ్మను తిట్టాను. చెమ్మ గోడల ఇల్లు అంటగట్టిందని ఇంటావిడను మనసులో తిట్టాను. ఆవిడ మాత్రం మనసులో ఉంచుకునే మనిషి కాదు. ఒకరోజు రాగుల డబ్బా పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "నీ బియ్యం హుళాలన్నీ నా రాగుల్లోకి వచ్చుండాయి చూడు. మీ ఆంధ్రా నుంచి తెచ్చి మా ఇంటికి అంటించినావు" అంది. "మా ఊళ్ళో ఇన్ని పురుగులు లేవండి, మీ గోడల చెమ్మకే పుట్టాయి" అన్నాను. రెండు రోజులు మాటల్లేవు.

ఆవిడ చెప్పిందే నిజమని నాకు నేనే తెలుసుకోవలసి వచ్చింది. చేటలో ఏరుతూ ఏరుతూ, విసుగొచ్చి ఒక మంచి గింజను పంటి కింద కొరికాను. పైకి చిల్లు లేదు, మచ్చ లేదు. కొరికిన చోట మెత్తగా తగిలింది. తీసి చూస్తే లోపల తెల్లటి పిల్లపురుగు, సగం గింజ తినేసి పడుకుని ఉంది. తల్లి ముక్కుతో గింజకు చిల్లు పొడిచి, గుడ్డు పెట్టి, మళ్ళీ పైన పూడ్చేసి పోతుందని అప్పుడు అర్థమైంది. అంటే ఇవి బెంగళూరు గోడల్లోంచి రాలేదు. మా ఊరి గాదెలోనో, మిల్లులోనో గింజలోకి చేరి, మాలాగే ఊరు విడిచి, లారీ ఎక్కి వచ్చాయి. నా కడుపులో బిడ్డ, గింజ కడుపులో బిడ్డ. ఇంక ఎవరిని తిట్టేది?

పైకి తిరిగేవాటిని ఎన్ని చంపినా లాభం లేదు, లోపలివి పెరిగి బయటికొస్తూనే ఉంటాయి. చేయగలిగింది ఒకటే, ఎండ దొరికినప్పుడల్లా మిద్దె మీద పలచగా ఆరబోసి, జల్లెడ పట్టి, చల్లారాక గాలి చొరకుండా మూసిపెట్టడం. మళ్ళీ కొన్నాళ్ళకు అదే పని. యలహంకలో ఆ నెలల్లో ఎండ మొహం చూపించి పోయే చుట్టంలా వచ్చేది. నిండు కడుపుతో మెట్లెక్కి పరిచిన గంటకే తుంపర పడేది. పరుగెత్తి ఎత్తుకోవాలి. తడి తగిలితే మొదటికే మోసం. ఒక్కోసారి మిద్దె మీదే చేట ఒళ్ళో పెట్టుకుని కునుకు తీసేదాన్ని. ఇంటావిడే పైకొచ్చి అటు కొసనుంచి బియ్యం ఎత్తేది.

సీమంతం అయ్యాక పురిటికి నెల్లూరు వెళ్ళాను. డ్రమ్ము మా ఆయనకు అప్పగించాను. ప్రతి ఆదివారం ఎండబెట్టాలని ఒట్టు వేయించుకున్నాను. అక్కడ అమ్మ మొదటిరోజు పెట్టిన అన్నం నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది, అంగడి బియ్యం. మా ఇంట్లోనే అంగడి బియ్యం. అందరం తిన్నాం. ఆ పూట నుంచి నా డ్రమ్ము మీద బెంగ ఇంకా పెరిగింది. ఆయన ఫోను చేస్తే ఒంట్లో ఎలా ఉందని అడగడానికి ముందే బియ్యం ఎలా ఉందని అడిగేదాన్ని. "చూసుకుంటున్నా" అనేవాడు. ఆడపిల్ల పుట్టింది. అప్పుడు కూడా అడిగాను.

పాపకు అయిదో నెల వచ్చాక బెంగళూరు తిరిగొచ్చాను. చంటిదాన్ని ఆయన చేతుల్లో పెట్టి ముందు వంటింట్లోకి వెళ్ళి డ్రమ్ము మూత తీశాను. ఒక్క పురుగు లేదు. గూడు లేదు, పిండి లేదు. గింజలు తెల్లగా, నేను వదిలి వెళ్ళినప్పటికన్నా శుభ్రంగా ఉన్నాయి. ఏదో కొంచెం ఘాటు వాసన వచ్చింది, ఆకులవో రేకుదో అనుకున్నాను. అన్ని ఆదివారాలూ సెలవు పాడుచేసుకుని ఈ మనిషి బస్తా బియ్యం మిద్దెకు మోశాడే అని కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ మాటే అన్నాను. "ఏదో చేశాలే" అన్నాడు, పాపను ఊపుతూ. పెళ్ళైనప్పటి నుంచీ నేను ఆయన్ను అంతగా మెచ్చుకుంది అదే మొదలు. ఇంటావిడకు గొప్పగా చెబితే, "నీ మొగుడు మిద్దె ఎక్కింది నేను ఒకదినమూ చూడలేదే" అంది. ఈవిడకు చూపు తగ్గిందనుకున్నాను.

అన్నప్రాసన పొద్దున్న పరమాన్నానికి బియ్యం కడుగుతున్నాను. ఆయన వచ్చి వెనక నిలబడ్డాడు.

"బాగా కడుగు."

"కడుగుతానే ఉన్నా కదండీ."

"ఇంకా కడుగు. కడిగితే పోద్దిలే."

"ఏంది పోయేది?"

గిన్నె కింద పెట్టి తిరిగి చూశాను. అప్పుడు చెప్పాడు. బస్సులో పరిచయమైన ఒకాయన విత్తనాల గోదాములో పనిచేస్తాడట. గింజకు పురుగు పట్టకుండా ఏదైనా ఇవ్వమని అడిగితే, అక్కడ విత్తనాలకు కలిపే పురుగుమందు పొడి ఒక పొట్లం ఇచ్చాడట. విత్తనం భూమిలోకి పోయేదే గానీ నోట్లోకి పోయేది కాదు. తినే బియ్యానికని ఈయన చెప్పలేదు, ఆయన అడగలేదు. పొట్లమంతా డ్రమ్ములో కలిపి, చచ్చిన పురుగుల్ని జల్లించి పారేసి మూత పెట్టేశాడు.

"ఎండే లేదు. ఆదివారాలు కూడా పన్లోకి రమ్మన్నారు. మూత తీస్తే గోడంతా పాకుతుండాయి" అన్నాడు. "నువ్వేమో నా సంగతి కన్నా ముందు దాని సంగతే అడిగేదానివి. నువ్వొచ్చేలోపల ఏమీ మిగలదేమోనని భయమేసింది."

కోపం రావాలి. వచ్చేంత బలం లేదు. అప్పటిదాకా ఆ డ్రమ్ములోంచి ఎవరమూ ఒక్క గింజ తినలేదు, అదొక్కటే అదృష్టం. నేను మళ్ళీ కడగడం మొదలుపెట్టాను. నీళ్ళు తేటగా వచ్చినా కడిగాను. వేళ్ళు ముడతలు పడేదాకా కడిగి పొయ్యి మీద పెట్టాను. ఉడుకుతుంటే మా ఇంటి వాసన వచ్చింది, చిన్నప్పుడు బడి నుంచి వస్తే వాకిట్లోకి వచ్చిన వాసన. దాని వెనకే ఆ ఘాటు కూడా వచ్చింది.

పాపకు కొత్త గౌను వేసి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఇంటావిడ హారతి పళ్ళెంతో ఎదురుగా కూర్చుంది. బంగారు ఉంగరం పాయసంలో ముంచి ఎత్తాను. పాప నోరు తెరిచింది. దానికి అప్పటికి పాల రుచి తప్ప ఏమీ తెలియదు, ఏది పెట్టినా తెరుస్తుంది. నా చెయ్యి సగం దూరం వెళ్ళి ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" అంది ఇంటావిడ. మా ఆయన తల వంచుకుని చెప్పాడు. ఆవిడ హారతి పళ్ళెం పక్కన పెట్టి, గిన్నె వాసన చూసి, దూరంగా జరిపింది. తిట్టలేదు.

"పురుగు తినేది మనం తినొచ్చమ్మా, చెరిగి, కడిగి. పురుగే తిననిది బిడ్డకెట్ల పెడతావు?"

లేచి తన వంటింట్లోకి వెళ్ళి, పొద్దున వండిన అంగడి బియ్యం అన్నం పిడికెడు తెచ్చింది. లావు గింజలు. మెత్తగా నలిపి, నెయ్యీ బెల్లమూ కలిపి నా చేతికిచ్చింది. నేను ఉంగరంతో తీసి పాప నాలుకకు రాశాను. చప్పరించి ఇంకా కావాలని చేతులాడించింది. రెండు బస్తాలు మేమే తిన్నా, మా చేని చివరి పంటను నోరారా మెచ్చి తిన్నది ఒక్క ఈ ఇంటావిడేనని, దాచుకోని మనిషి కాబట్టే తిన్నదని, అప్పుడు తోచింది. ఇన్ని నెలలు పడ్డ ఒళ్ళు నొప్పులన్నీ ఒక్కసారిగా వచ్చి మీద కూర్చున్నాయి.

సాయంత్రం ఆయన కొబ్బరిచెట్టుకు దూరంగా, గోడవారన లోతుగా గుంట తవ్వాడు. ఇంటావిడ కోళ్ళను గంప కింద మూసింది. డ్రమ్ము ఇద్దరం ఎత్తి వంచాం. బియ్యం జారుతున్న చప్పుడు చాలాసేపు వచ్చింది. చీకటి పడిందని మట్టి కప్పే పని పొద్దున్నకు వదిలి, పైన రేకు వేసి వచ్చాం. ఆ పెరట్లో మెతుకు రాలితే చాలు, క్షణంలో చీమలు బారు కట్టేవి. పొద్దున రేకు తీస్తే గుంట నిండా బియ్యం, దాని మీద ఒక్క చీమ లేదు. పాపను చంకలో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆయన మట్టి లాగాడు.

తర్వాత మేం బెంగళూరులోనే హూడి వైపు మారాం. ఊరి బియ్యం మాట ఇద్దరం ఎత్తలేదు. పిల్ల పెద్దదై నాతో పాటు అంగడికి వచ్చేది. బస్తా మూతి విప్పి నేను బియ్యం అరచేతిలో పోసుకుని అటూ ఇటూ కదిపి చూస్తుంటే, శుభ్రంగా ఉన్నాయో లేదో చూస్తున్నాననుకునేది. ఒకసారి అలా చూస్తుంటే ఒక ముక్కుపురుగు గింజల్లోంచి బయటికొచ్చి నా వేలి మీద నడిచింది.

"ఛీ, అమ్మా, ఇది వద్దు. పురుగులున్నాయి" అంది.

ఆ బస్తానే తూకం వెయ్యమన్నాను.