జెట్టీ మీద వదిలేసిన పొట్లం

మా అమ్మ చెప్పే కథ నమ్మకండి. "మాల్దీవుల్లో పిల్లలు మా పాప కొంగట్టుకుని ఒగ్గలేదమ్మా, పడవకి అడ్డంగా పడిపోనారు" అని ఇన్నేళ్ళుగా పేటంతా చెప్పుకొస్తోంది. పిల్లలు ఏడ్చారు, కాదనను. కొంగు మాత్రం ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోదగ్గ మనిషినీ కాను. ఆమె ఆ కథ చెబుతున్న ప్రతిసారీ పక్కన కూర్చుని నవ్వాను. ఆ నవ్వే నాకు బరువైపోయింది. మీరు నన్నెరగరు కనక మీకు చెబుతున్నాను.

అమ్మ నెత్తిన తట్ట పెట్టుకుని నరసన్నపేట వీధుల్లో చేపలమ్మి నన్ను బీఎడ్ దాకా చదివించింది. రాష్ట్రం విడిపోయిన ఏడాది, నలభై దాటాక, మాల్దీవుల్లో ఒక చిన్న దీవి బడికి ఇంగ్లీషు చెప్పడానికి వెళ్ళాను. క్వార్టర్సులో నాతో ఉన్న లెక్కల టీచరుది శృంగవరపుకోట. మొదటి రోజే అడిగింది, మీవాళ్ళేం చేస్తారండీ అని. వరి పండిస్తారన్నాను. ఎందుకన్నాను? ఎవరితోనైనా వాదించి గెలిచే నోరు నాది, ఆ ఒక్క ప్రశ్నకే ఎందుకు పడిపోయింది? ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆ లేని పొలానికి వానలు కురిపించాను, ఎరువులు చల్లించాను, కోతలు కోయించాను.

నా వీడ్కోలు సభలో పదో తరగతి ఆయిషా లేచింది. వాళ్ళ నాన్న జాలరి. ఈ ఏడుతో చదువు మాన్పించి చేపలు ఎండబెట్టే పనిలో పెడతాడని బడంతా అనుకుంటున్నారు.

"మిస్, మీ ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళ అమ్మాయి ఎవరైనా టీచరయిందా? ఒక్కరున్నా చాలు, నాన్నకి చెబుతాను."

లెక్కల టీచరు నా పక్క కుర్చీలోనే ఉంది.

"నాకు తెలిసి లేరమ్మా. మాది వరి పండించే కుటుంబం."

ఆ పిల్ల కూర్చుంది. 'నేనే' అంటే సరిపోయేది. రెండక్షరాలు.

మర్నాడు పొద్దున్న, పడవలెక్కే జెట్టీ దగ్గర ఆయిషా నా చేతిలో పొట్లం పెట్టింది. ఎండుచేపలు. నాన్న పంపాడంది. నన్ను సాగనంపడానికొచ్చిన లెక్కల టీచరు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "వాసనొస్తుందమ్మా, బట్టల్లో ఎలా పెట్టను?" అని, నవ్వుతూనే, పొట్లాన్ని అక్కడి బల్ల మీద వదిలేసి పడవెక్కాను. వెనక్కి చూడలేదు.

ఆ మాట నాకెక్కడిది? ఏడో తరగతిలో నా పక్కపిల్ల లేచి నిలబడి అన్నది: "దీనికాడ సేపల కంపు కొడతంది టీచర్, నాను కూకోను." ముప్ఫయ్యేళ్ళు దాచుకుని, తీసుకెళ్ళి నాలాంటి పిల్లకే అప్పజెప్పాను.

ఇంటికొచ్చాక అమ్మ పెట్టె వెతికింది. "ఏటే, సేపల దేశమెల్లి ఒట్టిసేతుల్తో వచ్చినావు?"

"ఆళ్ళు ఎండబెట్టరమ్మా."

"సముద్రమెట్టుకుని ఎండబెట్టకపోడమేటే! సోమరిపోతులు" అని పకపకా నవ్వింది.

కొన్నాళ్ళకి లెక్కల టీచరు ఫోనులో మెసేజీ పెట్టింది. ఆయిషా బడికి రావడం లేదట. నా మాట వల్లేనా? కాదని నాతో నేను ఎన్నిసార్లు వాదించానో. ఒక్కసారీ గెలవలేదు. కూతురి టీచరుకి ఎండుచేపలు కట్టి పంపిన తండ్రి, ఒక్క మాట చెబితే వినకపోయేవాడా?

రాశాను. చెయ్యి కాస్త తేలికపడింది, అంతే. క్షమించమని అడగను, అడగాల్సిన మనిషి మీరు కాదు. ఒకటే తెలుసుకోవాలనుంది. ఆ పొట్లాన్ని ఆయిషాయే తిరిగి ఇంటికి మోసుకెళ్ళి ఉంటే, తండ్రికి ఏమని చెప్పింది?