బీరయ్య చేతికొచ్చిన అంట్ల మిషను

బీరయ్యది జనగామ పక్కన ఒక పల్లె. గొర్రెల మందను కరువు మింగేశాక నాంపల్లి స్టేషన్లో రైలు దిగి, ఆబిడ్స్‌లో ఒక హోటలు వెనక అంట్లు తోమే పనికి కుదిరాడు. ఆ హోటలు మూతపడ్డాక శేషారత్నం గారి మెస్సుకు వచ్చి చేరాడు.

శేషారత్నం భర్త శ్రీరామమూర్తి సచివాలయంలో గుమాస్తా. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు వచ్చిన కుటుంబం వాళ్లది. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చిన తోటి గుమాస్తాలు తిండికి పడే అవస్థ చూడలేక, స్టేషను వెనక సందులో తాము అద్దెకున్న ఇంటి వసారాలోనే ఆవిడ బల్లలు వేయించి భోజనాలు పెట్టడం మొదలుపెట్టింది. తినేవాళ్లు పెరిగారు, కంచాలు పెరిగాయి, ఆ కంచాలన్నీ బీరయ్య చేతిమీదుగానే పోయేవి. మనిషి తోముతూ ఊరికే ఉండడు. వచ్చే బండి ఏదో పోయే బండి ఏదో కూతను బట్టి చెబుతూ, నిన్నటి చారు కంటే ఇవాళ్టి చారు బాగుందని వినిపించేలా అంటూ ఉంటాడు.

పంతొమ్మిది వందల అరవై ఆరు ఎండాకాలంలో అతని చేతులు చెడిపోయాయి. వేళ్ల సందులు పాసిపోయి, చర్మం పగిలి నెత్తురు వచ్చేది. దవాఖానలో డాక్టరు మందు రాసిచ్చి, నీళ్లలో చేతులు పెట్టొద్దన్నాడు.

"నీళ్లల్ల చెయ్యి వెట్టకుంటే నాకు పనేడిదమ్మా?" అని నవ్వాడు బీరయ్య. శేషారత్నానికి నవ్వు రాలేదు. అతన్ని మానిపించడానికి మనసొప్పదు, తోమించడానికీ ఒప్పదు.

శ్రీరామమూర్తికి ఒక అలవాటు ఉంది. ఆదివారం పూట ఆబిడ్స్‌లో పాత సామాన్ల హర్రాజు చూడటానికి వెళ్తాడు. ఎక్కువగా చూసే వస్తాడు, ఎప్పుడైనా విరిగిన గడియారమో, మూత లేని పెట్టో పట్టుకొస్తాడు. ఈసారి రిక్షాలో తెల్లటి పెద్ద డబ్బా దిగింది. ఇంగ్లండు తిరిగి వెళ్లిపోతున్న ఇంజనీరు గారి ఇంట్లోదట. లోపల కంచాలు నిలబెట్టే తీగల తట్టలున్నాయి.

"అంట్లు తోమే మిషనే. వేణ్ణీళ్లు పోసి, సోడా పొడి వేసి మీట నొక్కడమే. పాడు నీళ్లు ఈ రబ్బరు గొట్టం గుండా అదే బయటికి తోసేస్తుంది," అన్నాడాయన. గొట్టాన్ని కిటికీ ఊచల మీదుగా పెరట్లోకి వేశాడు. ఆ నీళ్లు అరటి చెట్లకు పోతాయని ఆయన ఆలోచన.

మిషను గుర్రుమంది. ఇల్లంతా అదిరింది. మూత తీస్తే పైవరస కంచాలు మెరుస్తున్నాయి, కింద మాత్రం చారునీళ్లు నిలిచే ఉన్నాయి. మళ్లీ నొక్కారు. మిషను మూలిగింది గాని నీళ్లు కదల్లేదు.

"తాగుతది గని కక్కదమ్మా ఇది," అన్నాడు బీరయ్య. చెంబుతో ఆ నీళ్లు అతనే తోడిపోశాడు. డాక్టరు వద్దన్న పని కాస్తా రెండింతలైంది.

ఆబిడ్స్‌లో ఫ్యాన్లు బాగుచేసే కిషన్ వచ్చి చూశాడు. మోటారు బాగుంది, రెక్క తిరుగుతోంది, నీళ్లెందుకు పోవడం లేదో తెలియదన్నాడు. అటు మిషను మొరాయించినప్పుడల్లా ఇటు బీరయ్య ముఖంలో చిన్న వెలుగు కనబడేది. అది శేషారత్నం కంట పడింది.

"నిజం చెప్పు బీరయ్యా. ఇందులో నువ్వేమైనా పెట్టావా?" అని అడిగేసింది.

బీరయ్య చెంబు బోర్లించి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం అంట్లు ఆవిడే తోముకుంది. అన్న మాట వెనక్కి తీసుకోలేక, తోముతున్నంతసేపూ తనను తానే తిట్టుకుంది.

పొద్దున్నే బీరయ్య వచ్చి మిషను ముందు కూర్చున్నాడు.

"ఇది నడిస్తే నా పని పోతదని భయమైంది, ఔ. అది ఆగితే జర ఖుషీ అయిన. గంతే గని, నేనేం జెయ్యలే. చూద్దాం రాండ్రి."

"భయమెందుకయ్యా, ఇది తెచ్చిందే నీ చేతుల కోసం. దాన్ని తిప్పేవాడు కావద్దూ? నేను అనాల్సిన మాట కాదు నిన్న," అంది శేషారత్నం, అతని పక్కనే పీట వాల్చుకుని.

ఇద్దరూ తట్టలు బయటికి తీశారు. అడుగున చిల్లుల గిన్నె లాంటిది బిగించి ఉంది. ఊడదీసి చూస్తే కరివేపాకు, చింతపండు పీచు, ఆవాలు, నిమ్మ గింజలు గట్టిగా కూరుకుపోయి ఉన్నాయి. పుల్లతో పొడిచి కడిగారు. ఈసారి నీళ్లు కొంచెం పోయి, సగంలో ఆగిపోయాయి.

గొట్టంలో కూడా ఏమైనా అడ్డం పడిందేమోనని బీరయ్య కిటికీ మీంచి దాన్ని లాగాడు. మిషను తిరుగుతూనే ఉంది. తడి చేతిలోంచి గొట్టం జారి నేలమీద పడింది. అంతే, లోపలి నీళ్లన్నీ ఒక్క ఊపున వచ్చి, ఆఫీసుకు బయల్దేరుతున్న శ్రీరామమూర్తి ఇస్త్రీ పంచెను మోకాళ్ల దాకా తడిపేశాయి.

ఆయన కిటికీ వైపు చూశాడు, గొట్టం వైపు చూశాడు. "అంత ఎత్తుకు ఎక్కించలేక చచ్చిందన్నమాట పాపం," అన్నాడు మెల్లగా. శేషారత్నం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అరటి చెట్లకు ఫికర్ జెయ్యకుండ్రి సారూ, బకెట్‌తోని నేనే పోస్త," అన్నాడు బీరయ్య.

మరుసటిసారి గొట్టాన్ని నేలమీదే ఉంచితే, పోసిన నీళ్లు పోసినట్టే బయటికి జారిపోయాయి. చివరికి మోకాలెత్తున్న సిమెంటు తొట్టి అంచుకు తగిలించారు. అప్పుడు మిషను నీళ్లు నిలుపుకోవలసినంతసేపు నిలుపుకుని, వదలవలసినప్పుడు చుక్క మిగలకుండా వదిలింది.

ఆ రోజు నుంచి మిషను బీరయ్యది. అన్నం గుండిగలు, కూర మూకుళ్లు దాంట్లో పట్టవు గనక వాటిని తోమడానికి పద్మ అనే ఆవిణ్ని పెట్టారు. బీరయ్య చిల్లుల గిన్నె పూటపూటా కర్రపుల్లతో శుభ్రం చేసేవాడు. భుజాన పొడి తువ్వాలుతో బల్లల మధ్య తిరుగుతూ, "కరివేపాకు కంచంల ఇడువకుండ్రి సారూ, గీ డబ్బల ఎయ్యుండ్రి, మిషన్‌కు అరగదు," అని పెద్ద గుమాస్తాలకు సైతం చెప్పేవాడు. వాళ్లూ బుద్ధిగా ఏరి వేసేవారు.

వానలు పడేనాటికి అతని వేళ్లు ఆరి, కొత్త చర్మం వచ్చింది. ఒక మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక శేషారత్నం అతనికి వడ్డిస్తూ, అలవాటు కొద్దీ ఆవకాయ జాడీ దాటించి పప్పు గిన్నె అందుకుంది.

"అది గూడ వెయ్యమ్మా," అన్నాడు బీరయ్య. "ఇప్పుడు చెయ్యి మండుతలేదు."

ముద్ద కలిపి, అయిదు వేళ్లతోనూ తిన్నాడు. ఇంకో ముక్క వేయమన్నాడు.