చూడకుండా పెట్టిన సంతకం

ఆ గదికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘ప్రశాంత గది’. తలుపు మీద నీలం రంగుతో అందంగా రాయించారు కూడా. ఒకప్పుడు బియ్యం బస్తాలు వేసిన కొట్టు అది. పైన జానెడు కిటికీ, దానికి ఇనుప జాలీ, రేకు తలుపు, బయట గడియ. మే నెల మధ్యాహ్నం మా వైపు రేకు మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది. అలాంటి గదిలో పదిహేనేళ్ల పిల్లవాణ్ణి నాలుగు రోజులు పెట్టి, వాడు ప్రశాంతంగా ఉన్నాడన్నారు. ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఆ మాట ఇప్పటికీ ఎక్కడ కనిపించినా నాకు ఒళ్లు మండుతుంది.

నేను నర్సును. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇరవై ఆరేళ్లుగా పని చేస్తున్నాను. మా పరిధిలో ఊరికి దూరంగా ఒక హోమ్ ఉంది. ఏదో నేరం చేశారని పోలీసులు పట్టుకున్న పిల్లల్ని, విచారణ తేలేదాకా అందులో ఉంచుతారు. హోమ్ అనే అంటాం. ఎత్తయిన గోడ, దాని మీద ముళ్లకంచె, రెండు గేట్లు, రెంటికీ తాళాలు. అది ఏ ఊరో రాయను. రాస్తే తప్పు ఆ ఒక్క ఊరిదే అనుకొని మిగతావాళ్లంతా ఊపిరి పీల్చుకుంటారు.

వారానికొకసారి, మంగళవారం, నేను అక్కడికి వెళ్లేదాన్ని. జ్వరాలు, దెబ్బలు, గజ్జి. గజ్జే ఎక్కువ. నీళ్లు ట్యాంకరులో వచ్చేవి. పిల్లలకు రెండు రోజులకొక బకెట్ దక్కేది. ఆఫీసు ముందున్న గులాబీ కుండీలకు మాత్రం రోజూ పోసేవాళ్లు. ఒకసారి సూపరింటెండెంటు దగ్గర స్నానాల సంగతి ఎత్తితే, మనది కరువు జిల్లా కదమ్మా అని నవ్వాడు. ఆ కరువు గులాబీలకు ఎందుకు రాలేదని నేను అడగలేదు. అప్పట్లో నేను అడిగే మనిషిని కాను. మందులిచ్చి, రిజిస్టరులో రాసి, ఒంటిగంట బస్సుకు వచ్చేసేదాన్ని.

ఆ మంగళవారం గేటు దగ్గర, గోడ నీడలో ఒకామె కూర్చొని ఉంది. మనిషి ఎండకు నల్లబడి, ఎముకలు తేలి ఉంది. ఒళ్లో గుడ్డలో చుట్టిన రాగిముద్ద. నన్ను తెల్లకోటులో చూడగానే లేచి వచ్చి కన్నడంలో గబగబా ఏదో చెప్పింది. గేటు కాపలా అతను విసుగ్గా, “ఆయమ్మ మాట ఎవురికి అర్థమైతాది సిస్టర్? ఆదివారం కూడా ఇట్లే వచ్చి ఏడ్చి పోయింది” అన్నాడు.

అర్థం కాకపోవడం అబద్ధం. ఈ జిల్లాలో ఉద్యోగం చేస్తూ ఆ మాత్రం కన్నడం రానివాడు ఉండడు. నేను పుట్టింది మడకశిర దగ్గర. నాకైతే అది సగం ఇంటి భాష. ఏమైందని అడిగాను. వాళ్లది ఆ వైపు పల్లె. గొర్రెలు కాసుకుంటారు. కొడుకును పోలీసులు తీసుకొచ్చి ఇక్కడ వేశారు. ఆదివారం మూడు బస్సులు మారి వస్తే, వాడు శిక్షలో ఉన్నాడు, చూపించం పొమ్మన్నారు. మళ్లీ ఈరోజు వచ్చింది. ఇవన్నీ చెప్పి, నా చెయ్యి పట్టుకొని ఒక మాట అంది.

“నన్న మగనిగె కివి కేళ్సల్లమ్మా.”

నా కొడుక్కు చెవులు వినపడవు, అంటోంది. ఆదివారం కూడా ఇదే మాట ఎన్నిసార్లో చెప్పానంది. ఎవరూ విననే లేదట.

లోపలికి వెళ్లి ఆ పిల్లవాడు ఎక్కడని అడిగాను. వార్డరు ప్రశాంత గది వైపు చెయ్యి చూపించాడు. ఎందుకు పెట్టారంటే, పొగరన్నాడు. ప్రార్థన లైన్లో ఈల వేస్తే తిరగడు, పేరు పిలిస్తే పలకడు, కూర్చోమంటే నిలబడే ఉంటాడు. రెండు మూడు రోజులు చూసి సూపరింటెండెంటు సారు లోపల వెయ్యమన్నాడు. తలుపు తియ్యమన్నాను. సారుకు చెప్పాలన్నాడు. పిల్లవాడికి ఏమైనా అయితే ముందు నీ పేరే రాస్తానన్నాను. అంత గట్టిగా మాట్లాడటం నాకే కొత్త. అతను తీశాడు.

గడియ లాగితే రేకు తలుపు గోల గోలగా మోగింది. నాకే చెవులు గింగురుమన్నాయి. పిల్లవాడు మాకు వీపు పెట్టి, గోడకు నుదురు ఆనించి కూర్చొని ఉన్నాడు. తిరగలేదు. వార్డరు నా పక్కనుంచే పేరు పెట్టి అరిచాడు. తిరగలేదు. నేను లోపలికి వెళ్లి, నా నీడ గోడ మీద పడ్డాక, ఉలిక్కిపడి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

చీము వాసన గది అంతా ఉంది. రెండు చెవుల నుంచీ కారి మెడ మీద ఎండిపోయింది. ఈగలు. ఒళ్లు కాలిపోతోంది. వాడి ఎదురుగా కూర్చొని, నా పెదవులు వాడికి కనిపించేలా నిదానంగా, అమ్మ వచ్చిందని కన్నడంలో చెప్పాను. వాడు నా నోటి వంకే చూశాడు. రెండోసారి చెప్పాక వాడి ముఖం ఒక్కసారిగా పసిపిల్లవాడిదైపోయింది. ఏడుపు వచ్చింది గానీ గొంతు రాలేదు. నీళ్లకుండ ఎండి ఉంది.

వార్డరు అప్పుడు మెల్లగా, “మాకేం తెలుసు సిస్టర్, కన్నడపోడు కదా, తెలుగు తెలీక పలకల్యా అనుకున్యాం” అన్నాడు. భాష తెలియని పిల్లవాణ్ణయితే ఆ గదిలో పెట్టొచ్చన్నట్టే.

నేను నేరుగా సూపరింటెండెంటు గదిలోకి వెళ్లాను. ఆయన నెమ్మదైన మనిషి. గొంతు పెంచడు, పిల్లల మీద చెయ్యి ఎత్తడు. అలాంటివాళ్ల చేతుల మీదుగానే ఇవన్నీ జరుగుతాయని నాకు అప్పుడు తెలియదు. చెవుల్లో చీము కారే పిల్లవాణ్ణి వచ్చిన రోజున ఎవరు పరీక్ష చేశారు, ఆ ఫారం ఏదీ అని అడిగాను. వచ్చిన ప్రతి పిల్లవాణ్ణీ మొదటి రోజే తల నుంచి కాళ్ల దాకా చూసి రాయాలి. అది నిబంధన. ఆఫీసు గోడ మీద బోర్డు కూడా ఉంది.

ఆయన ఫైలు తీశాడు. పేజీ తిప్పి, నా వైపు తోశాడు.

“మీ సంతకమే ఉండాది కదా సిస్టర్.”

చూపు: సాధారణం. చెవులు: సాధారణం. చర్మం: సాధారణం. కింద నీలం సిరాతో నా సంతకం, తేదీ.

ఎలా వచ్చిందో నాకు తెలుసు. ఫారాలు నింపుకొని కట్టగా మా కేంద్రానికి పంపేవాళ్లు. టీకాల మధ్య, గర్భిణుల మధ్య, నేను వరసగా పెట్టేసి ఇచ్చేదాన్ని. నాకు ముందున్న సిస్టరూ అలాగే పెట్టేది. మా డాక్టరుకూ తెలుసు. ఎన్నేళ్లుగా ఎంతమంది పిల్లల చెవులు, కళ్లు, ఒంటి మీది వాతలు అలా నా నీలం సిరాలో ‘సాధారణం’ అయిపోయాయో నేను చెప్పలేను. సూపరింటెండెంటు ఫైలు మూసి, ఇది బయటికి పోతే ఇద్దరికీ మంచిది కాదు గనక పిల్లవాడికి మందు వేసి పొమ్మని, చాలా మర్యాదగా చెప్పాడు.

మందు వేశాను. జ్వరానికి ఇంజెక్షన్ చేశాను. పిల్లవాణ్ణి మిగతావాళ్లు పడుకునే హాలులోకి మార్చేదాకా కదలనని చెప్పి, ఆ గది గడప మీదే కూర్చున్నాను. ఒంటిగంట బస్సు పోయింది. మూడు గంటలకు మార్చారు. తల్లిని మాత్రం లోపలికి రానివ్వలేదు. ఆదివారం పది నుంచి పన్నెండు వరకే చూడాలట. రాగిముద్ద నేను తీసుకెళ్లి వాడికిచ్చాను. ఎవరు చేశారో వాడికి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ నిబంధనల పుస్తకం చూపించమని హోమ్ గుమాస్తాను బతిమాలాను. బీరువాలోంచి తీశాడు. మీద ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. ఇంగ్లీషు పుస్తకం, రెండు ఆదివారాలు కూర్చొని, కొన్ని మాటలకు ఫోనులో అర్థాలు వెతుక్కొని చదివాను. చదివేకొద్దీ మతి పోయింది. ఏ పిల్లవాణ్ణీ శిక్ష పేరుతో ఒంటరిగా మూసిపెట్టకూడదు. వాడి భాష తెలిసిన మనిషి చేత వాడికి అన్నీ చెప్పించాలి. రోజూ స్నానం చేయించాలి. దూరం నుంచి వచ్చిన తల్లిదండ్రులకు వేళ కాకపోయినా పిల్లవాణ్ణి చూపించాలి. ఫిర్యాదుల పెట్టె తాళంచెవి హోమ్ వాళ్ల దగ్గర ఉండకూడదు. మా హోమ్‌లో ఆ పెట్టె సూపరింటెండెంటు బల్ల పక్కనే ఉండేది. తాళంచెవి ఆయన గుత్తిలోనే. ఎవరో పెద్దమనసుతో కూర్చొని, ఒక పిల్లవాడికి ఏమేం కావాలో దుప్పటి దగ్గర్నుంచి ఆలోచించి రాశారు. దాన్ని ఒక్కరైనా తెరవకుండా బీరువాలో పెట్టి తాళం వేశారు. లేని చట్టం కోసం కొట్లాడటం వేరు. ఉన్నదాన్ని కవరు చింపకుండా దాచినవాళ్లను ఏమనాలి?

మా ఆయన వద్దన్నాడు. రిటైరయ్యేముందు ఇదంతా ఎందుకు, ముందు నీ మీదికే వస్తుందన్నాడు. వస్తుందని నాకూ తెలుసు. అయినా పిల్లల కేసులు చూసే బోర్డు మేజిస్ట్రేటుకు ఉత్తరం రాశాను. గది గురించి, చెవుల గురించి రాసి, చివర్లో, ఆ ఫారం మీద సంతకం నాదేనని, పిల్లవాణ్ణి చూడకుండా పెట్టానని కూడా రాశాను. ఆ వాక్యం రాయడానికి ఉత్తరమంతా రాసినదానికన్నా ఎక్కువ సేపు పట్టింది.

పది రోజుల తర్వాత ఆ మేజిస్ట్రేటు చెప్పకుండా వచ్చింది. చెప్పి వచ్చే తనిఖీలకైతే గోడలకు సున్నం, పిల్లలకు కొత్త దుప్పట్లు. వెళ్లిన జీపు దుమ్ము అణగకముందే దుప్పట్లు మళ్లీ బీరువాలోకి. ఆ మంగళవారం అవేమీ లేవు. నన్ను పిలిపించారు. మేజిస్ట్రేటు వయసులో నాకన్నా చాలా చిన్నది, వేరే జిల్లా మనిషి. ప్రశాంత గది తెరిపించి లోపలికి వెళ్లి, గడియ పెట్టమంది. వార్డరు పెట్టలేక సూపరింటెండెంటు వంక చూశాడు. ఆమె లోపలినుంచి మళ్లీ చెప్పింది. పెట్టాడు. అయిదు నిమిషాలో పదో, మేమంతా బయట ఎండలో ఒకరి ముఖం ఒకరు చూడకుండా నిలబడ్డాం. ఆమె బయటికి వచ్చేసరికి చీర వీపుకు అతుక్కుపోయి ఉంది.

“ఈ గది ఏ నిబంధనలో ఉందో నాకు చూపించండి” అంది.

పిల్లల మేలు కోసమే సారూ అని అలవాటుగా మొదలుపెట్టి, మేడం అని దిద్దుకొని, ఆయన ఏదో చెప్పబోయాడు. ఏ రోజు ఎవరిని పెట్టారో రిజిస్టరు చూపించమంది. రిజిస్టరు లేదు. రాస్తే తప్పవుతుందని తెలిసే రాయలేదు. అంటే తెలియక చేసిన పని కాదది.

ఆ సాయంత్రమే పిల్లవాణ్ణి పెద్దాసుపత్రికి పంపారు. చిన్నప్పటి నుంచీ చీము పట్టి రెండు కర్ణభేరులూ చిల్లులు పడ్డాయన్నారు. తర్వాత ఆపరేషన్ జరిగింది. కుడి చెవి కొంత వినిపిస్తోంది. ఎడమది పోయింది.

కేసు సంగతి అప్పుడే బయటపడింది. పొలాల్లో బోరు మోటార్ల కేబుళ్లు కోసుకుపోయి, తగలబెట్టి, రాగి తీసి అమ్ముతుంటారు కొందరు. అలా కాల్చిన చోటికి దగ్గర్లో గొర్రెల దొడ్డిలో వీడు పడుకొని దొరికాడు. నువ్వేనా అని అడిగితే తల ఊపి ఒప్పుకున్నాడని కాగితాల్లో ఉంది. తల ఊపడం తప్ప వాడేం చెయ్యగలడు? పెద్దవాళ్లు ఎదురుగా నిలబడి నోరు కదిలిస్తే చిన్నప్పటి నుంచీ వాడు చేసింది అదే. కొన్ని నెలలకు బోర్డు ఆ కేసు కొట్టేసింది.

సూపరింటెండెంటును ఇంకో జిల్లాకు బదిలీ చేశారు, అదే ఉద్యోగానికి. అక్కడా పిల్లలే ఉంటారు. నాకు మెమో ఇచ్చారు. చూడకుండా సంతకం పెట్టింది నిజమేనని జవాబు రాశాను. సర్వీసు పుస్తకంలో ఎక్కింది. అది న్యాయమే. కానీ మా డాక్టరు నాతో ఇప్పటికీ సరిగా మాట్లాడడు. అందరినీ ఇరికించానని ఆయన కోపం. ఎవరిని ఇరికించాను? ఊపిరాడని గదిలో ఇరుక్కున్నవాడు ఒక్కడే. వాడికి వీళ్లెవరూ ఇంతవరకూ పొరపాటైందని కూడా చెప్పలేదు.

వాణ్ణి వదిలిన రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. తల్లీ కొడుకులతో బత్తలపల్లె దాకా బస్సులో వచ్చాను. అక్కడ వాళ్లు బస్సు మారాలి. చెట్టుకింద బెంచీ మీద కూర్చున్నాం. నేను వాడి కుడి చెవి వైపు కూర్చొని, తప్పు నాదీ ఉందని, ఆ కాగితం మీద ఏం రాశానో, ఎలా రాశానో చెప్పాను. వాడు తలవంచి వింటూ, మధ్యమధ్యలో తల్లి వైపు చూస్తూ ఉన్నాడు. తర్వాత తల్లిని చేతులతో ఏదో అడిగాడు. ఆమె నాకు చెప్పడానికి సంకోచించింది. చెప్పమ్మా అన్నాను.

ఆ గదిలో తనను ఎందుకు పెట్టారని అడుగుతున్నాడట.

నాలుగు రోజులు లోపలున్నా, ఆ తర్వాత ఇన్ని నెలలు గడిచినా, అది వాడికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. లైన్లో నిలబడినప్పుడు వెనక నుంచి పిలిచారని, నువ్వు తిరగలేదని, వాళ్లు దాన్ని పొగరనుకున్నారని. చెబుతుంటే నాకే సిగ్గనిపించింది. వాడు పూర్తిగా విన్నాడు. కోపం తెచ్చుకోలేదు, ఏడవలేదు. మడకశిర బస్సు వచ్చింది. వాడు మూట ఎత్తుకొని తల్లికంటే ముందే ఎక్కి కూర్చున్నాడు.